తాళం వేసిన అడ్రసు

"అమ్మా, పార్సిల్ బండి డ్రైవర్ని. ఈ పార్సిల్ మీదున్న మేడమ్ గారి కొత్త అడ్రసు కాస్త చెప్తారా?"

హెల్ప్‌లైన్ అమ్మాయి కంప్యూటర్ తెర మీద ఎర్ర తాళం గుర్తు చూసింది.

ఇళ్ళకి సరుకులు పంపే ఆ కంపెనీకి దేశదేశాల్లో ఆఫీసులు. ఏ ఆఫీసులో ఫోనెత్తినా అవే వివరాలు కనిపిస్తాయి. తాళం గుర్తుంటే మాత్రం ఎవరికీ చెప్పకూడదు.

కొట్టే మొగుణ్ణి వదిలి వచ్చేశానని చెప్పుకుని, ఆ మేడమే వేయించుకుంది తాళం.

"నిన్న డాక్టరు, మొన్న అన్నయ్య, ఇవాళ డ్రైవరా బాబాయ్? రేపు పెళ్ళికొడుకువా?"

"చెప్పవా అయితే?"

"చచ్చినా చెప్పను."

అవతలి మనిషి నవ్వి ఫోన్ పెట్టేశాడు.

రోజూ అదే నవ్వు. ఆ అమ్మాయి కుర్చీలో కుదురుగా కూర్చోలేక సూపర్‌వైజర్ దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, వేషాల బాబాయ్ మళ్ళీ చేశాడు."

"బాబాయ్ ఏంటే నీ మొహం! గొంతు మార్చి చేస్తున్నది ఆ మొగుడే. వాడి నంబరు ఆపెయ్."

ఆపేసింది.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"చూశావా, పీడ వదిలింది. ఇక ఆ తాళం తీసెయ్. ఇన్ని తాళాలెందుకని హెడ్డాఫీసు నా ప్రాణం తోడేస్తోంది."

"ఆవిణ్ణి ఒక మాట అడగద్దా అక్కా?"

"అడిగితే తియ్యమంటుందా? తియ్యవే తల్లీ!"

వేళ్ళు వెనకాడుతూనే తీసేశాయి.

ఆ వారంలోనే ఆ మేడమ్ ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది.

"నా అడ్రసు ఎవరు చెప్పారండీ? ఆయనొచ్చి తలుపు విరగ్గొట్టాడు. పక్కింటివాళ్ళు పట్టుకోబట్టి బతికాను."

అమ్మాయి గబగబా వివరాలు తెరిచింది. పెళ్ళిరోజు కానుక పంపాలన్నాడట. ఎక్కడో వేరే దేశం ఆఫీసులో ఎవరో కరిగిపోయి చెప్పేశారు.

"మేడమ్, మేమైతే ఎప్పుడూ చెప్పలేదు. ఆయన రోజుకో గొంతుతో అడిగేవాడు. అందుకే నంబరు కూడా ఆపేశాం."



"ఆ గొంతులన్నీ మా నాన్నవండీ... 'ఇవాళ కూడా చెప్పలేదు, నిశ్చింతగా పడుకో తల్లీ' అని రోజూ నాకు చెప్పడానికే మీకు ఫోన్ చేసేవాడు."