గుర్రపు లద్దె

చెరువు పాడవడానికి ఎం.ఎస్. చదవడానికొచ్చిన కుర్రాళ్లే కారణమని, తిన్న బిర్యానీ డబ్బాలన్నీ అందులోకే విసురుతారని పక్కింటి శాంతకుమారి చెప్పిందట. ఆ మాటను సంఘంలోని సలోమి చెరువుగట్టు మీదే రత్నబాబు చెవిన వేసింది.

రత్నబాబుకు దోషి ఎవరైనా ఫరవాలేదు, ఎవడో ఒకడు దొరికితే చాలు. సంఘపెద్ద అయ్యుండి తన కూతురికే ఇంకా బాప్తిస్మం కాలేదని లీసెస్టర్ తెలుగువాళ్లంతా నవ్వుతున్నారు. జెస్లిన్ ఒక ఏడు జలుబంది, ఇంకో ఏడు పరీక్షలంది. టబ్బులో ముంచితే చెల్లదు, దేవుడు చేసిన నీళ్లే కావాలని రత్నబాబు పట్టుబట్టాడు. చివరికి, "జూన్‌లో అయితే నీళ్లు వెచ్చగా ఉంటాయి డాడీ" అని పిల్ల దిగివచ్చింది.

తీరా ఈ ఆదివారం అందరూ తెల్లబట్టలతో వస్తే చెరువు గోంగూర పులుసులా ఉంది. పక్కన కౌన్సిల్ బోర్డు: విషపు నాచు, నీళ్లలో దిగరాదు.

"బిర్యానీకి ఇంత నాచు పుట్టదమ్మా" అన్నాడు పాస్టర్ థామస్. గట్టు పైన, వాలు మీద సంఘం పెంచుతున్న చిట్టడవి వైపు చూశాడు. "ఆ వాసనేంటి రత్నబాబూ?"

"గుర్రపు లద్దె అయ్యగారూ." రత్నబాబు ఛాతీ విరిచాడు. "అడవికి ఎరువేసే బుద్ధి ఈ దేశంలో ఎవడికుంది? చలికాలమంతా శనివారం శనివారం తోలాను. యూనివర్సిటీలో నేల గురించే చదువుతోంది గదా, మా జెస్లిన్ కూడా పార పట్టింది. వానలకు ముందే వెయ్యి డాడీ, చెరువు వైపు మొక్కలు బక్కగా ఉన్నాయి, అక్కడ ఇంకాస్త దట్టించు అని దగ్గరుండి వేయించింది."

"మొక్కలు ఎంతని తింటాయయ్యా? చేలో యూరియా ఎక్కువైతే మురుగుకాలవలో నాచు లేవడం మన ఊళ్లో చూళ్లేదా? మిగిలిన సారమంతా వానకు కొట్టుకొచ్చి ఇందులోనే పడింది."

రత్నబాబు ఛాతీ మెల్లగా యథాస్థానానికి వచ్చింది.

"చెట్లకంటే నాచుకే బాగా ఒంటబట్టింది అన్నయ్యా" అంది సలోమి, ఓదార్పుగానే.

పాస్టర్ జెస్లిన్ వైపు తిరిగాడు. మడత నలగని తెల్లగౌనులో, గట్టు మీద బుద్ధిగా నిలబడి ఉందా పిల్ల.

"ఏమ్మా, మీ నాన్నకైతే తెలియదు. ఇంత చదువుతున్నావు, ఇదంతా చెరువులోకే దిగుతుందని నీకూ తెలియదా?"

"తెలిసే వేయించాను అంకుల్."