కారే కాఫీ పాత్ర

“మళ్లీ కారుతోందండీ,” అంటూ రామ్మోహనరావు గుడ్డసంచిలోంచి కాఫీ పాత్ర తీసి కౌంటరు మీద పెట్టాడు.

అక్కడ రిపేర్లు చేసే రత్నమాల తలెత్తి చూసింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అమీర్‌పేటలోని ఆ సర్వీస్ సెంటరుకి అదే ఆఖరి రోజు. పొయ్యి మీద పెట్టి ఎస్ప్రెసో చేసుకునే ఆ పాత్ర తయారీని కంపెనీ మానేసింది. జనమంతా బటన్ నొక్కితే కాఫీ వచ్చే మిషన్లకి మారిపోయారు. మిగిలిన విడిభాగాలు ఖాళీ చేయించడానికి పంజాగుట్ట హెడ్డాఫీసు నుంచి స్టోర్స్ ఇన్‌చార్జి రాజనర్సయ్య పొద్దున్నే దిగాడు. పిడులు ఒక మూట, జల్లెడలు ఒక మూట కట్టి, అతుకులో నీళ్లు కారకుండా వేసే రబ్బరు గాస్కెట్లని చిన్నా పెద్దా సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. అన్నీ తుక్కు కిందికే పోతాయి.

“సార్, గీ మోడల్ బంద్ అయింది,” అన్నాడు రాజనర్సయ్య. “పాతది ఇచ్చి కొత్త మిషన్ తీస్కపోండి. ఫికర్ ఉండదు.”

“నాకిదే కావాలి.”

“నెలనెలా వస్తరంట కదా! ఎందుకు సార్ గీ తిప్పలు?”

రామ్మోహనరావు ఎప్పటిలా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక శ్రీనగర్ కాలనీ ఫ్లాట్లో ఒక్కడే ఉంటున్నాడు. పాత్ర అతుకు దగ్గర నీళ్లు కారినప్పుడల్లా ఇక్కడికి వస్తాడు. రత్నమాల గాస్కెట్ మారుస్తుంది. ఆ పని ఎప్పుడో అయిపోయినా ఆయన స్టూలు మీద కూర్చునే ఉంటాడు. హీరోగారి ఏడుపు సీనులో పక్కవీధి కుక్క గొంతు కలిపిన సంగతి చెబుతుంటే ఆమె పగలబడి నవ్వేది. భర్త పోయి, ఎర్రగడ్డలో ఒంటిగది వాటాలో ఉంటున్న ఆమెని అలా నవ్వించేవాళ్లు వేరే ఎవరూ లేరు.

“జర ఇటియ్యండి, చూద్దాం.” రాజనర్సయ్య పాత్ర అందుకుని విప్పాడు. “గాస్కెట్ మార్చినా కారుతుందంటే బిగించే మర అరిగిపోయి ఉంటది.” వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. “మర మంచిగనే ఉన్నది. మరెందుకు కారుతున్నది మేడమ్?”

రత్నమాల ఒక్క అంగలో వచ్చి పాత్ర లాక్కుంది.

“ఇన్నాళ్లూ నేను చూసిన పాత్ర. ఇవాళ నేనే తేలుస్తాను.”

వెనక బల్ల దగ్గరికి వెళ్లి పాత గాస్కెట్ పీకి పారేసింది. కొత్తది వేసింది. కింద నీళ్లు, మధ్యలో పొడి, పైన మూత. గట్టిగా బిగించి స్టవ్ వెలిగించింది. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు.

నీళ్లు మరిగాయి. అతుకు దగ్గర చుక్క లేదు. గురగురమంటూ కాఫీ పైకి పొంగి, ఖాళీ అయిన ఆ గదంతా ఘుమఘుమలాడిపోయింది.

“మస్తు మేడమ్!” రాజనర్సయ్య చప్పట్లు కొట్టాడు. “బంద్ అయ్యే రోజు గెలిచిన్రు!”

రామ్మోహనరావు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. మొహం వాడిపోయింది.

“ఇక కారదా?”

“కారదండీ.”

“అంటే మిమ్మల్ని చూడటానికి నాకిక సాకు లేదన్నమాట.”

రాజనర్సయ్య చేతిలో మూట అలాగే ఆగిపోయింది. రత్నమాల కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

“సాకు లేకుండా రాకూడదా ఏంటి?”

“ఎక్కడికి రాను? ఇక్కడ తాళం వేసేస్తున్నారు. అందుకే అడుగుతున్నా, రత్నమాల గారూ.” మైకుల ముందు ఎంతోమందిని మాట్లాడించిన మనిషికి మాట తడబడింది. “మనం పెళ్లి చేసుకుందామా?”

“పొద్దున్నే కాఫీ ఎవరు పెడతారు?”

“నేనే.”

“రోజూనా?”

“రోజూ!”

“అయితే సరే,” అంది రత్నమాల. అని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే నవ్వేసింది.

“పెండ్లికి నన్ను సుత పిలవాలె!” అని కేకేసి రాజనర్సయ్య మూటలన్నీ ట్రాలీ ఆటోలో పడేశాడు.

ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. పైన మెట్రో దూసుకుపోతోంది. ట్రాఫిక్ హారన్లన్నీ తమ కోసమే మోగుతున్నట్టు రత్నమాల తల ఎత్తి నడిచింది. కాఫీ పాత్ర సంచి ఆమె చేతిలోనే ఉంది.

“ఇన్నాళ్లూ కుదరనిది ఇవాళ ఎలా కుదిరిందంటారు?” అడిగాడు రామ్మోహనరావు.

“టైము రావాలండీ,” అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

ఆ పాత్రకి సరైన సైజు గాస్కెట్ ఆమె వేయడం అదే మొదటిసారి.