తాబేలు సర్దిన పాట

తుమ్మచెట్ల మధ్య ఒక మడుగుంది. మంచు కమ్మే రోజుల్లో, మేతకెళ్ళిన బాతులు మడుగువాళ్ళ పాటనిబట్టే దారి పట్టుకుని ఇల్లు చేరతాయి. నిన్న ఆ పాట అందక నక్కల పొదలో దిగబోయి త్రుటిలో బయటపడ్డాయి.

"ఇవాళ ప్రాణం పెట్టి అరుద్దాం," అన్నాడు ఢంకారావు అనే కప్ప.

నిదానమ్మ అనే తాబేలు ఒప్పుకోలేదు. పాట సర్దడం ఆవిడ పని. నిన్న అవతలి గట్టెక్కి స్వయంగా విని వచ్చింది.

"నిన్నా అరిచారు నాయనా. గట్టు దాకా వచ్చింది రొద. పాట రాలేదు."

"అయితే నన్ను నోరు మూసుకోమంటావా?"

"పక్కవాళ్ళ గొంతు మీద కూర్చోవద్దంటున్నాను. నువ్వు ఒక్కసారి బెకమని ఆగు. ఆ సందులో కీచురాయి పాడుతుంది, తర్వాత పికిలిపిట్ట అందుకుంటుంది."

ఢంకారావు మూతి ముడుచుకునే ఆగాడు. ఎవరి చోటు వాళ్ళకి దొరికాక, నిదానమ్మ అందరి గొంతులూ కలిపి కొంచెం కొంచెంగా పెంచింది. పికిలిపిట్ట గొంతు జీరబోగానే కాలెత్తి ఆపి, అక్కణ్ణించి ఒక్క మెట్టు దింపింది.

"ఇంతే. ఇంతకు మించితే పెరిగేది జీరే."

పొద్దు వాలేసరికి మంచు దట్టంగా దిగింది. పాట మొదలైన కాసేపటికే బాతులన్నీ బారుగా వచ్చి నీళ్ళలో వాలాయి. పెద్ద బాతు నేరుగా కప్ప దగ్గరికి ఈదుకొచ్చింది.

"నీ బెకబెక పట్టుకునే వచ్చాం ఢంకారావు బాబాయ్. నిన్న ఒంట్లో బాగాలేదా, పాడలేదేం?"