పలకని పేరు

"ఆ దుంగ జోలికి మాత్రం నేను రాను," అన్నాడు క్లెమ్.

పార కింద పడేసి, నది వైపు తిరిగి నిలబడ్డాడు.

డారిల్‌కి ఒళ్ళు మండిపోయింది.

"చూశావా అత్తా? రాళ్ళు మొయ్యమంటే మోస్తాడు. గుంటలు తవ్వమంటే తవ్వుతాడు. దీనికి కాస్త చెయ్యి వెయ్యమంటే దొరగారికి కుదరదట!"

"పోనీలేరా. ముసలి ప్రాణం. నడుం పట్టేసిందేమో," అంది నోరీన్.

నోరీన్ మాటకి అక్కడ ఎదురు లేదు. ఆ నది ఒడ్డున పిల్లలకి ఆటస్థలం కట్టి తీరాలని పట్టుబట్టింది ఆవిడే.

"ప్లాస్టిక్ జారుడుబల్లలు ఊరవతల బోలెడున్నాయి. మన పిల్లలు మన మట్టిలో, మన పెద్దలు ఆడినట్టే ఆడాలి," అంది.

ఇంకేముంది! శనివారం వచ్చిందంటే ఊళ్ళోని ఆదివాసీ కుటుంబాలన్నీ అక్కడే. రాళ్ళు పేర్చి మెలికలు తిరిగే పామును కట్టారు. ఇసుకలో ఈము పక్షి అడుగులు అచ్చువేశారు. అడవి పళ్ళ మొక్కలు నాటారు.

అన్నిటికీ నడుమ, లోపలికి దూరి కూర్చునేంత బోలు దుంగ.

అది నోరీన్ పంతం.

చిన్నప్పుడు అలాంటి దుంగలోనే చెల్లెలితో దాక్కుంది. ఆదివాసీల్లో చామనఛాయ పిల్లలు కనబడితే చాలు, తెల్లవాళ్ళలా పెంచాలని ప్రభుత్వమే ఎత్తుకుపోయే రోజులవి. ఆ వెల్ఫేర్ ఆఫీసు కారు చప్పుడు వినబడగానే దాక్కోవాలని అమ్మ నేర్పింది. చెల్లెలు, పాపం, నాలుగేళ్ళది, అదంతా ఆటే అనుకుంది. కిసుక్కున నవ్వింది.

ఎవరిదో చెయ్యి లోపలికొచ్చి దాన్ని లాక్కుపోయింది.

ఇంకా లోపలికి నక్కిన నోరీన్‌కి ఆ చెయ్యి తప్ప మొహం కనబడలేదు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది.

క్లెమ్ ఆ ఊరి వాడు కాదు. ఒక శనివారం తనంతట తనే వచ్చి, "నేనూ ఏదైనా చెయ్యొచ్చా?" అని అడిగిన తెల్ల ముసలాయన. పెద్దగా మాట్లాడడు. టీ ఇస్తే తాగుతాడు, లేకపోతే అడగడు.

ఆ రోజు దుంగ ఎలాగో దొర్లించి పెట్టాక డారిల్ మళ్ళీ మొదలెట్టాడు.

"అత్తా, ఆటస్థలం బోర్డు రాసేవాడు నా ప్రాణం తీస్తున్నాడు. ఏం పేరు పెట్టమంటావు?"

"ఆగమను."

"చిన్నత్త పేరే కదా? రాసెయ్యమంటే పోలా?"

"బతికుంటే రాద్దాం. పోయి ఉంటేనో? పోయినవాళ్ళ పేరు మనం పలుకుతామట్రా? దాన్ని బోర్డెక్కిస్తామా?"

"ఆఫీసులవాళ్ళు ఏమన్నారు?"

"ఏమంటారు? కాగితాలు లేవంటారు. నేను తిరగని గడప లేదు."

 చెల్లెలి పేరు నోరీన్ నోట వచ్చి అరవై ఏళ్ళు దాటింది. బతికుందో లేదో తెలియని మనిషి పేరు ఎలా పలుకుతుంది? తలుచుకోవాలన్నా లోలోపలే.

"బతికే ఉందని ఒక్కరు చెప్పనీ, ఆ పేరు అవతలి ఒడ్డుకి వినబడేలా అరుస్తాను. లేదని చెప్పినా సరే, తనివితీరా ఏడుస్తాను. రెండూ లేవు నాకు!"

కొంచెం దూరంలో మొక్కకి నీళ్ళు పోస్తున్న క్లెమ్ బకెట్ దించి దగ్గరికొచ్చాడు.

"నోరీన్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

"ఇక్కడ కాదు. ఒంటరిగా."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

"వెళ్ళవే, ఉంగరం తెచ్చాడేమో!" అంది పక్కింటి బెరిల్.

"నీ పళ్ళు రాలగొడతాను," అంది నోరీన్, మొహం ఎర్రబడి. "ఇదిగో క్లెమ్ గారూ, ఇప్పుడు నాకు ఊపిరాడ్డంలేదు. ప్రారంభోత్సవం రోజున తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. సరేనా?"

క్లెమ్ తలాడించి బకెట్ అందుకున్నాడు.

ఆ తరవాత రెండు మూడు సార్లు ఆవిడ చుట్టూ తచ్చాడాడు. తచ్చాడినప్పుడల్లా బెరిల్ పెళ్ళి పాట అందుకునేది. పాపం ముసలాయన అక్కణ్ణించే వెనక్కి తిరిగేవాడు.

ప్రారంభోత్సవం రానే వచ్చింది.

నిప్పుల మీద పచ్చి యూకలిప్టస్ ఆకులు వేసి, దీవెనగా ఆ పొగలోంచి పిల్లల్ని నడిపించారు. కంగారూ తోకలు కాలుతున్నాయి. పిల్లలు రాతి పాము మీద పరిగెడుతున్నారు. బోర్డు మీద మాత్రం ఏమీ లేదు.

నోరీన్ ఒక కప్పు టీ విడిగా పెట్టి మూత వేసింది.

"నీ పెళ్ళికొడుకు రాలేదేమే?" అంది బెరిల్.

"అలిగాడేమో. నేనే పోయి పిలుచుకొస్తాను," అంది నోరీన్, నవ్వుతూ లేచింది.

అప్పుడే కారు దిగి ఒకామె వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను క్లెమ్ కూతుర్ని. నాన్న మొన్న పోయాడు. గుండె."

నోరీన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయ్యో! ఎంత మంచి మనిషి! నాతో ఏదో చెప్పాలని వెంటబడితే నేనే చెప్పనివ్వలేదు తల్లీ. అదేమిటో మీకేమైనా తెలుసా?"

ఆమె తెల్లబోయింది.

"మీకు చెప్పే ఉంటాడు, మిమ్మల్నడిగి తెలుసుకుందామని వచ్చానమ్మా... ఆ రోజుల్లో ఇక్కడ వెల్ఫేర్ కారు నడిపింది మా నాన్నే, మీ చెల్లెలు ఏమైందో ఆయనొక్కడికే తెలుసు, ముందు మీకు చెప్పాకే మాకు చెబుతానన్నాడు."