కిటికీలో టార్చి

బొమ్మలు గీసేవాళ్లూ, కథలు రాసేవాళ్లూ ఎగబడి వచ్చే ఆ రేవు పట్నంలో, సముద్రం కనిపించే మేడగది అద్దెకు దొరికేసరికి కొత్త పెళ్లికూతురి కాలు నేల మీద నిలవడం లేదు. మొగుడు చిత్రకారుడు. పెళ్లయి నెల తిరగలేదు.

చీకటి పడగానే ఆమె లాంతరు పట్టుకుని రేవు రాతిగట్టు మీదికి వెళ్లి, తమ కిటికీ వైపు తిరిగి నిలబడింది. బొమ్మలో వెలుగు ఎక్కడ ఉండాలో ఆయన ఆ కిటికీలోంచి టార్చితో చెబుతానన్నాడు. ఒకసారి వెలిగిస్తే ఒక అడుగు వెనక్కి. రెండుసార్లు వెలిగిస్తే ఆగిపోవాలి.

"ఆగమన్నాక కదిలావో, బొమ్మలో నీకు మూడు చేతులు పెడతా" అని బెదిరించాడు కూడా.

కిటికీలో టార్చి వెలిగింది. అడుగు వేసింది. మళ్లీ వెలిగింది. మళ్లీ వేసింది. ఈ బొమ్మలో ఎప్పటికీ తానుంటుందనుకుంటే ఒళ్లు పులకరించింది. ఇంకో వెలుగు, ఇంకో అడుగు. మడమ కింద గట్టు అయిపోయింది, ఆ వెనక నీళ్లే. అంతసేపూ ఒకదాన్నొకటి రాసుకుంటూ కిర్రుమంటున్న పడవలు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

"నేను రాకుండానే మొదలెట్టేశావేంటి?" గట్టు మొదట్లోంచి మొగుడి గొంతు. "దీంట్లో బ్యాటరీలు అయిపోయాయి. కొట్టు వెతుక్కునేసరికి ఇంతసేపయింది."

ఆయన చేతిలో టార్చి ఉంది.

"అయితే పైన ఎవరండీ?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కిటికీలో ఒకసారి వెలిగింది.

"ఇటు రా" అన్నాడు మెల్లగా. "నా వైపు రా."

రావాలనే అనుకుంది. కానీ ఆ వెలుగు ఎంత ముద్దుగా అడిగిందంటే, ఆమె కాలు సంబరంగా వెనక్కి లేచింది.