తొంభై ఏడు శాతం దొంగ

ఒమన్‌లోని రుసైల్ గోదాంలో నాలుగుసార్లు రాగి కేబుల్ చుట్టలు మాయమయ్యాయి. నాలుగుసార్లూ శుక్రవారమే, గోదాం మూసి ఉన్న సెలవు రోజునే. దాంతో ఓనరు కంప్యూటర్‌ను రంగంలోకి దింపాడు. మనుషులైతే అబద్ధాలు చెబుతారట. డేటా చెప్పదట!

ఏఐ నిపుణుడు నిసార్ అహ్మద్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. గేటు కార్డులు, కెమెరాలు, నంబర్ కొట్టి గోదాం వైఫైకి తగిలిన ఫోన్లు, అన్నీ దానికి మేత వేశాడు. ఎవరు ఎన్ని టీలు తాగారో కూడా వదల్లేదు. అది మూడు రోజులు నమిలి ఒక్క పేరు కక్కింది.

భీమన్న. తొంభై ఏడు శాతం దొంగ.

"మరి తక్కిన మూడు శాతం మంచోన్నేనా సార్?" అన్నాడు భీమన్న బిత్తరపోయి.

పాపం, జగిత్యాల మనిషి. పదకొండేళ్లుగా ఈ కంపెనీలోనే బరువులు మోస్తున్నాడు. వచ్చే నెల భార్య శాంతమ్మకు గుండె ఆపరేషన్. ఈ కొలువు పోతే ఆ ఆపరేషన్ లేనట్టే.

"చోరీ అయిన ప్రతిసారీ నీ పేరు మీదున్న ఫోన్ గోదాంలోనే ఉంది భాయ్," అన్నాడు నిసార్. "మిషన్‌కు నీతోని దుష్మనీ ఏముంటది?"

"ఆ శుక్రారాలు నేను గంత దూరం సహం ఊర్ల ఉన్న సైట్ల ఓటీ చేసిన సార్. గేటు కాడ కార్డు గూడ గీకిన."

"కార్డు ఎవడైనా గీకుతాడు. ఫోన్ అబద్ధం చెప్పదు," అన్నాడు మేనేజర్ ప్రభాకర్. మొన్నటిదాకా ఈ సాఫ్ట్‌వేర్ దండగ అని మొత్తుకున్నది ఆయనే. భీమన్న పేరు బయటపడగానే దానికి పరమ భక్తుడైపోయాడు.

"నంబర్ కూడా చూపిస్తా," అన్నాడు నిసార్.

"పేరు చాలదా అండీ? సాయంత్రం ఫ్లైట్‌కి టికెట్ కూడా తీసేశాను. పోలీసుల దాకా పోకుండా పంపిస్తున్నాం, సంతోషించు భీమన్నా. ఈ రాజీనామా మీద పెట్టు సంతకం."

భీమన్న పెన్ను అందుకున్నాడు. శాంతమ్మకు ఏం చెప్పాలో తోచక కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెడ్త సార్. ఒక్కపారి ఆ నంబర్ సూపియ్యుండ్రి."

ప్రభాకర్ వద్దనేలోగా నిసార్ ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. భీమన్న ఒక్కో అంకె కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. పెన్ను బల్లమీద పెట్టి మేనేజర్ వైపు తిరిగాడు.

"ప్రభాకర్ సార్, మీరు కొత్తగ ఒమన్‌ల దిగినప్పుడు మీ రెసిడెంట్ కార్డు ఇంక రాలేదంటే, నా కార్డు మీద తీసిచ్చిన సిమ్ము గిదే గద?"