తెల్ల చారలు

తడిపితే నల్లగా ఉంటుంది. ఆరగానే మళ్లీ తెల్లబడుతుంది. శనివారం పొద్దుటి నుంచి కృపానందం కారు బానెట్ ఎత్తి ఈ వింతే చూస్తున్నాడు.

ఇంజిను మీది నల్ల ప్లాస్టిక్ మూతల నిండా తెల్లటి చారలు. అది తన నిర్వాకమే. ఐదేళ్ల కిందట క్రిస్మస్‌కి కారు పైన పూసిన మైనం పాలిష్ కాస్త మిగిలింది. పారేయడం ఎందుకని లోపలి ప్లాస్టిక్‌కి కూడా పట్టించాడు. రెండు రోజులు మెరిసింది. ఆ తర్వాత గరుకు సందుల్లో గడ్డకట్టి తెల్లగా తేలింది. దాని మీద దుమ్ము చేరింది. బానెట్ మూస్తే ఎవరికి కనపడుతుందిలే అని వదిలేశాడు.

ఇప్పుడు వదిలేయడానికి లేదు. అతని భార్య అమలమ్మకు గుండెలో వాల్వు పాడైంది. గురువారం ఆపరేషన్. ఈలోపు కారు అమ్ముడుపోవాలి. ఆ ఇంట్లో అమ్మడానికి మిగిలింది అదొక్కటే.

కారుకు ఏ జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా ఆర్సీలో అడ్రసు. సింగ్ నగర్. బుడమేరు వాగు పొంగి పేటంతా మునిగినప్పటి నుంచి ఆ పేరు వింటే చాలు, కొనేవాళ్లు ఫోన్ పెట్టేస్తున్నారు. నిజానికి ఆ రోజు కారు సింగ్ నగర్‌లోనే లేదు. ముందురోజే భార్యాభర్తలిద్దరూ అందులో కంకిపాడు వెళ్లారు, బావమరిది అంతోని ఇంటికి. ఇల్లు మునిగింది, కారు మిగిలింది. ఈ మాట కృపానందం ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. బావమరిది సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

బండి చూడ్డానికి వచ్చిన ఒకాయన సీట్లు వాసన చూశాడు. ఇంకొకాయన కాళ్ల దగ్గర పరిచిన పట్టాలు ఎత్తి వేలితో గీకాడు. మూడో ఆయన బానెట్ ఎత్తాడు. ఇదిగో బురద ఆరిన చారలు అన్నాడు. బురద కాదు మైనం అని ఒట్టేసి చెప్పినా వినలేదు. ఈ తెల్లదనమే తన కొంప ముంచుతోందని కృపానందానికి ఆ రోజే అర్థమైంది.

సరిగ్గా అప్పుడే మంగళగిరి నుంచి ఫోన్ వచ్చింది. వెంకటప్పయ్య గారట, చీరల కొట్టు ఉందట. సింగ్ నగర్ అని చెప్పినా ఫోన్ పెట్టేయని మొదటి మనిషి.

"అమ్మకానికని మీరు నెట్‌లో పెట్టిన ఫొటోలన్నీ చూశామండీ, బానెట్ ఎత్తి తీసింది కూడా. బండి నచ్చింది. మీరేం చేయించకండి, ఉన్నది ఉన్నట్టే ఉంచండి. ఆదివారం వస్తాం" అన్నాడు.

ఎంత మర్యాద అనుకున్నాడు కృపానందం. అంత మర్యాదస్తుడికి ఆ చారలు చూపించడానికి మనసొప్పలేదు.

సబ్బునీళ్లు అయ్యాయి. షాంపూ అయింది. కిరోసిన్ గుడ్డతో రుద్దితే కంపు మిగిలింది. పాత టూత్‌బ్రష్ పళ్లు ఊడాయి. తడి ఆరేసరికి చారలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అమలమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం ఆమెకి.

"ఏవండీ, ఉన్నదున్నట్టు ఉంచమన్నారుగా ఆయన."

"అట్లాగే అంటారు. చూశాక బేరం ఆడతారు" అన్నాడు.

అతని మాటల్లో కోపం ఉంది గానీ ఆమె మీద కాదు. ఆస్పత్రిలో అతని చేతులకు చేసే పనేమీ లేదు. కాగితాలు పట్టుకుని కూర్చోవడమే. ఆమె ఆయాసపడుతుంటే చూస్తూ ఉండటమే. ఈ చారలైతే కనీసం రుద్దడానికి ఉన్నాయి.

మధ్యాహ్నం ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే ఒకాయన ఫోన్లో ఉపాయం చెప్పాడు. మైనం కదా, వేడి చూపిస్తే కరుగుతుంది, కరగ్గానే తుడిచేయండి అని. పక్కవీధిలో బ్యూటీ పార్లర్ నడిపే బ్లెస్సీ దగ్గర జుట్టు ఆరబెట్టే మిషను అడిగి తెచ్చాడు. అమలమ్మ వద్దన్నా వినకుండా లేచి వచ్చి దాన్ని పట్టుకుంది. అతను గుడ్డతో తుడిచాడు. సందుల్లో మిగిలినదాన్ని చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలతో తీశాడు.

సాయంత్రానికి తడి లేకుండానే నల్లగా ఉంది. కృపానందం మూడుసార్లు వచ్చి చూసుకున్నాడు. తెల్లబడలేదు. నెల రోజుల్లో అతనికి ఆకలి వేసింది ఆ పూటే.

ఆదివారం వెంకటప్పయ్య వచ్చాడు. వెంట చక్రి అనే మెకానిక్‌ను తెచ్చుకున్నాడు. సీట్లు వాసన చూడలేదు, పట్టాలు ఎత్తలేదు. చక్రి నేరుగా బానెట్ ఎత్తాడు.

తన ఫోన్లో కృపానందం పెట్టిన ఇంజిను ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాడు. ఇంజిను వంక చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

"ఈ ఫొటో ఎప్పుడు తీసిందండీ?"

"మొన్న మంగళవారం."

"వరదకి ముందుది కాదు కదా?"

"కాదండీ. నిన్నంతా కూర్చుని మేమిద్దరమే శుభ్రం చేశాం" అన్నాడు కృపానందం కాస్త గర్వంగానే.

చక్రి బానెట్ మెల్లిగా దించాడు. వెంకటప్పయ్యను పక్కకు తీసుకెళ్లి ఏదో చెప్పాడు. ఆయన అమలమ్మకు నమస్కారం పెట్టి, వస్తామమ్మా అని తన కారు వైపు నడిచాడు.

కృపానందం గేటు దాకా చక్రి వెనకాలే పరుగెత్తాడు.

"లోపం ఎక్కడుందో చెప్పండి బాబూ. ఇంకా ఎక్కడన్నా తెల్లగా ఉంటే ఇప్పుడే తుడిచేస్తాను."

చక్రి ఆగాడు. అతనికీ జాలేసినట్టుంది.

"వరదలో మునిగిన బండికి ఇంజినంతా విప్పి కడుగుతారు కాబట్టి అంత పాత మైనం మిగలదండీ, ఫొటోలో ఆ తెల్ల చారలు చూసే సింగ్ నగర్ బండి అయినా సరేనని వచ్చాం."